అద్దాల పెట్టెలో చేతిరాత

కవిగారి ఇల్లు, వెనక గది
జులై 9

పంతులమ్మా,

ఉత్తరం ముక్క లేక రెండు నెలలైంది. కాలేజీలో పాఠాలు చెబుతున్నావా, పాఠాలే నిన్ను మింగేశాయా అని మా అత్తయ్య, అదే మీ అమ్మ, నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆవిడకు చెవుడు పెరిగింది. అందుకని తను కూడా గట్టిగా మాట్లాడాలనుకుంటుంది. పక్కన బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపి మరీ సమాధానం చెబుతోంది.

అసలు సంగతికి వస్తాను. మా శాఖ నుంచి కాగితం వచ్చింది. జనం పెద్దగా రాని స్మారక గృహాలను మూసేసి, సామానంతా పెద్ద మ్యూజియానికి తరలిస్తారట. డిసెంబరు దాకా చూస్తారట. ఈ ఇంటికి కాపలా మనిషినీ నేనే, గైడునీ నేనే, చీపురు పట్టేదాన్నీ నేనే. మీ అన్నయ్య పోయాక ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఇప్పుడు కుర్చీతో సహా లేపేస్తారన్నమాట. ఉద్యోగంతో పాటు ఈ వెనక రెండు గదులూ పోతాయి. ముసలావిడను వెంటబెట్టుకుని నేనెక్కడికి పోను?

నెలకోసారి అధికారి వచ్చి సందర్శకుల పుస్తకం తిరగేస్తాడు. ఎంతమంది వచ్చారు, ఏం రాశారు, అదే ఆయనకు లెక్క. అందుకని అత్తయ్యను గుమ్మం దగ్గర కుర్చీ వేసి, పుస్తకం ఒళ్ళో పెట్టి కూర్చోబెట్టాను. కళ్ళజోడు ముక్కు చివరికి దించి "రాశావా?" అంటుంది. రాయందే కదలనివ్వదు. మొన్నొక పెద్దమనిషి తప్పించుకుపోబోతే చొక్కా అంచు పట్టుకుంది. ఆయన పాపం "ముసలమ్మ చాలా బాగుంది" అని రాసిపోయాడు.

ఏటా నీ సాహిత్యం క్లాసును ఎక్కడెక్కడికో తిప్పుతావు. ఇక్కడికి మాత్రం ఎప్పుడూ తీసుకురాలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఈసారి అడుగుతున్నాను. గుహలున్నాయి, జలపాతం ఉంది, చివర్లో మా ఇల్లు. ఒక బస్సు నిండా పిల్లలు వచ్చి, తలా ఒక మంచి మాట రాసి వెళ్తే నాకు ఏడాది గడుస్తుంది.

ఒక్కటే షరతు. లోపలి గదిలో కవిగారి రాతప్రతి ఉన్న అద్దాల పెట్టె దగ్గర పిల్లల్ని ఎక్కువసేపు నిలబెట్టకు. పాత కాగితాలు, ఊపిరి తగిలితే పాడవుతాయి.

నీ
వదిన


కాలేజీ, స్టాఫ్ రూము
జులై 20

వదినా,

నీ ఉత్తరం రాగానే వెళ్ళి ప్రిన్సిపాలు ముందు కూర్చున్నాను. "విద్యాయాత్ర అంటే విద్య ఉండాలి కదమ్మా, జలపాతంలో ఏం విద్య?" అన్నాడు. కవిగారు ఆ జలపాతం గురించి పదకొండు పేజీల కావ్యం రాశారనీ, ఆ రాతప్రతి అక్కడే ఉందనీ చెప్పాను. సంతకం పెట్టాడు. ఆగస్టు పదహారున వస్తున్నాం. నలభై ఒక్కమంది. ఉదయం గుహలు, మధ్యాహ్నం జలపాతం, సాయంత్రం నువ్వు.

ఇంకో కబురు విని మురిసిపోతావు. లేఖాసాహిత్యం పాఠం చెబుతూ పోయినేడు నువ్వు రాసిన వాన ఉత్తరం క్లాసులో చదివాను. చదివి ఊరుకోలేదు, బెంచీ బెంచీకీ తిప్పాను. నీ అక్షరాలు చూసి పిల్లలు నోరు తెరిచారు. తలకట్లన్నీ ఒకే వాలు, పంక్తి చివర ఆ చిన్న తోక. ఇప్పుడిలా ఎవరు రాస్తున్నారు వదినా? ముందు బెంచీలో ఒక అమ్మాయి ఉంది, ప్రతిదాన్నీ కళ్ళకు ఆనించుకుని చూస్తుందని అందరూ భూతద్దం అంటారు. అది గంట కొట్టినా ఉత్తరం వదల్లేదు. "మేడమ్, ఈవిడ చెయ్యి ఎలా ఉంటుందో చూడాలనుంది" అంది. చూపిస్తానన్నాను.

అమ్మకు మాత్రలు వేస్తున్నావా? నాకు పేపర్లు దిద్దే పని నెత్తిమీద ఉంది. ఉంటాను.

నీ
పంతులమ్మ


కవిగారి ఇల్లు
జులై 28

పంతులమ్మా,

బస్సు వస్తోందని చెప్పగానే అత్తయ్య పుస్తకంలో ఎన్ని ఖాళీ పేజీలున్నాయో చూసుకుంది. సంతోషం. నీ మేలు మరిచిపోను.

కానీ నా ఉత్తరం బెంచీ బెంచీకీ తిప్పావా? ఒక్క మాట అడగొద్దా తల్లీ? అందులో నేనేం రాశానో నీకు గుర్తుందా? వాన గురించి రాశాననుకుంటున్నావు. మంచం గురించి రాశాను. మీ అన్నయ్య మంచం మీద వాన చుక్కలు పడుతుంటే, ఖాళీ మంచమే కదా అని జరపకుండా కూర్చున్నానని రాశాను. నలభై ఒక్కమంది చదివారన్నమాట.

సరే, అయిందేదో అయింది. ఇకమీద నా ఉత్తరాలు ఎవరికీ చూపించకు. పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను.

జలపాతం దగ్గర ఆలస్యమైనా పరవాలేదు. చీకటి పడే ముందు ఒక్క పావుగంట మా ఇల్లు చూసి, పుస్తకంలో రాసి వెళ్ళినా నాకు చాలు.

వదిన


కాలేజీ, స్టాఫ్ రూము
ఆగస్టు 22

వదినా,

నీ ఇంటి గుమ్మం దిగి ఆరు రోజులైంది. ఇంకా కాళ్ళనొప్పులు తగ్గలేదు. నువ్వు మా హడావిడిలో రెండు మాటలు కూడా మాట్లాడలేదు, కాబట్టి యాత్ర సంగతులు రాస్తాను.

బస్సులో ముందు వరుస పిల్లలకు వాంతులు, వెనక వరుస పిల్లలకు పాటలు. గుహలకు చేరేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. లోపలికి వెళ్ళగానే అందరూ కేకలు వేయడం మొదలుపెట్టారు, ప్రతిధ్వని కోసం. నేను నోరు మూయించి, గోడమీది బొమ్మలు చూపించాను. ఒక్కడు అడిగాడు, "ఇవి చెక్కినవాడి పేరెక్కడుంది మేడమ్?" అని. ఎక్కడా లేదన్నాను. పేరు చెక్కుకోని చేతులే గొప్ప చేతులని, ఆ చేతులకు దండం పెట్టడమే సాహిత్యం నేర్పే మొదటి పాఠమని పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడానని నాకే అనిపించింది. ఇద్దరు అమ్మాయిలు కళ్ళు తుడుచుకున్నారు.

జలపాతం దగ్గర నా పాండిత్యం సాగలేదు. ఆ హోరులో నేను కవిగారి పంక్తులు చదువుతుంటే నా నోరు కదలడం తప్ప వాళ్ళకేం వినబడలేదట. తడిరాయి మీద జారి కూర్చున్నాను కూడా. ఆ ఫోటో కాలేజీ అంతా తిరుగుతోంది.

అక్కడే వాళ్ళకు ఒక పని అప్పజెప్పాను. "ఇప్పుడు మనం కవిగారి ఇంటికి వెళ్తున్నాం. సందర్శకుల పుస్తకంలో బాగుంది, అద్భుతం అని రాసినవాళ్ళకు సున్నా. మీ కంటికి మాత్రమే కనబడ్డది ఒక్కటి రాయండి. ఇంటర్నల్ మార్కులు దానిమీదే వేస్తాను" అన్నాను. నీ అధికారికి పొగడ్తలు చదివి చదివి విసుగెత్తి ఉంటుంది, ఇలాంటివి చదివితే ఇంటికి విలువ పెరుగుతుందనుకున్నాను. పిల్లలు రెచ్చిపోయి రాశారు. కవిగారి కుర్చీకి ఒక కాలు వేరే కర్రతో చేసి ఉందని ఒకడు, గోడ గడియారం ఆగిన సమయంలో కవిగారు భోజనం చేస్తుండి ఉంటారని ఒకామె. అమ్మ నన్ను కూడా వదల్లేదు. "అందరూ రాశారు, నువ్వు రాయవేం?" అంది. "చాలా చక్కగా నిర్వహిస్తున్నారు" అని రాసి, కింద నా హోదా వేశాను. పొగడ్త రాసింది నేనొక్కదాన్నే.

నువ్వు వద్దన్నావు గానీ, అద్దాల పెట్టె దగ్గర నేను కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. దాని గురించి ఎప్పుడైనా ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం.

పిల్లల యాత్రా రికార్డులు దిద్దుతున్నాను, మీ పుస్తకంలో రాసిందే వాటిలోనూ రాయమన్నాను. భూతద్దానికి అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

నీ
పంతులమ్మ


కవిగారి ఇల్లు
సెప్టెంబరు 6

పంతులమ్మా,

భూతద్దానికి మార్కులు ఎందుకొచ్చాయో నువ్వు రాయలేదు. నిన్న అధికారి వచ్చి చదివి వినిపించాడు.

"అద్దాల పెట్టెలో ఉన్న రాతప్రతి కవిగారి చేతిరాత కాదు. మా మేడమ్‌గారి వదినగారి చేతిరాత. ఆవిడ ఉత్తరం మేము క్లాసులో చూశాం. తలకట్ల వాలు, పంక్తి చివరి తోక ఒక్కటే." కింద పేరు, క్లాసు, రోల్ నంబరు. పద్ధతిగా రాసింది. ఎంతైనా నీ విద్యార్థిని.

అధికారి ముందు నవ్వాడు. తర్వాత అద్దం తీయమన్నాడు. తాళంచెవి ఆయన ముందు పెట్టాను, ఆయనే తీశాడు. వేలితో రుద్ది, వాసన చూసి, "విచారణ జరుగుతుంది" అని పదకొండు కాగితాలూ ఫైల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అత్తయ్యకు వినబడక ఆయన్ని కూడా ఆపింది, "రాశావా?" అని.

నువ్వు పెట్టె దగ్గర ఎందుకు నిలబడ్డావో నాకు ఆ రోజే తెలుసు. గుమ్మంలోంచి నీ వీపు చూశాను. నువ్వు తిరిగి నా మొహం చూస్తావేమోనని చీపురు తీసుకుని పెరట్లోకి పోయాను. ఇక దాచి లాభం లేదు కాబట్టి చెబుతున్నాను.

ఆరేళ్ళ కిందట మీ అన్నయ్య ఆసుపత్రిలో నలభై రోజులున్నారు. ఇంటికి తాళం వేసి, అత్తయ్యను కుట్టుమిషనావిడ దగ్గర వదిలి, నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను. వానలు మొదలయ్యాయి. లోపలి గోడ చెమ్మ లాగుతుందని నాకు తెలుసు, మూడు రోజులకోసారి పెట్టె తెరిచి ఆరబెట్టకపోతే చెదలు పడతాయనీ తెలుసు. అందుకే నీకు రెండు కార్డులు రాశాను. ఒక్క వారం వచ్చి మీ అన్నయ్య దగ్గర కూర్చోమని, నేను ఇల్లు చూసుకుని వస్తానని. పేపర్లు దిద్దుతున్నాను, సెలవు దొరకలేదని జవాబు రాశావు. నేను నమ్మాను.

ఆయన పోయాక ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే పదకొండు కాగితాల బదులు మట్టి ఉంది. చేత్తో ఎత్తితే రాలిపోయింది. వారంలో అధికారులొచ్చి సామాను జాబితా చూసి నాకు ఉద్యోగం ఇవ్వాలా వద్దా తేల్చాలి. చూపించడానికి ఏమీ లేకపోతే ఇల్లూ లేదు, కూడూ లేదు. మైల కూడా తీరలేదు. అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని, పాత కాగితాలను పలచటి టీనీళ్ళలో ముంచి ఆరబెట్టి, మూడు రోజులు కూర్చుని రాశాను. కవిగారి రాత చూసి దిద్దడానికి ఒక్క ముక్క మిగల్లేదు. నా రాతే కాస్త వంచి రాశాను. చివరికొచ్చేసరికి చెయ్యి అలసిపోయి వంచడం మరిచిపోయింది.

ఆరేళ్ళు ఎవరూ కనిపెట్టలేదు. జనం ఆ కాగితాల ముందు నిలబడి "ఎంత గొప్ప చెయ్యి" అనేవాళ్ళు. నేను పక్కనే నిలబడి ఔనండీ అనేదాన్ని. పాపమో ఏమో, అప్పుడప్పుడు సంతోషంగా కూడా ఉండేది.

ఇప్పుడు నా బతుకు నీ చేతిలో ఉంది. నా రాత ఇదీ అని చూపించడానికి ఈ ఇంట్లో ఏమీ లేదు, రిజిస్టర్లన్నీ అచ్చులా నిలువు అక్షరాల్లో నింపుతాను. నా ఉత్తరాలున్నది నీ ఒక్కదాని దగ్గరే. ఎవరైనా అడిగితే ఆ పిల్ల పొరబడిందని చెప్పు. నీ నోటితో అబద్ధం చెప్పలేకపోతే ఏమీ చెప్పకు. ఉత్తరాలు మాత్రం బయటపెట్టకు. ఇంతకంటే నిన్ను ఏదీ అడగను, ఎప్పుడూ అడగలేదు కూడా.

వదిన


కాలేజీ
సెప్టెంబరు 17

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. ఇంత గుండెల్లో పెట్టుకుని ఆరేళ్ళు ఎలా ఉన్నావు? నాకొక్క మాట చెప్పి ఉంటే ఆ అద్దాల పెట్టె దరిదాపులకు పిల్లల్ని రానిచ్చేదాన్నా?

మీ అధికారి మా ప్రిన్సిపాలుకు ఉత్తరం రాశాడు. ఇద్దరూ కలిసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. గంటసేపు తిప్పి తిప్పి అడిగారు. నా నోట ఒక్క మాట రాలేదు వదినా. నీ రాత ఔనని గానీ కాదని గానీ అనలేదు. అమ్మ మీద ఒట్టు.

అయినా ఒక సలహా చెబుతాను, కోపం తెచ్చుకోకు. విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. చెదలు తినడం నీ తప్పు కాదు, భర్త ఆసుపత్రిలో ఉంటే ఏ ఆడది ఇల్లు కనిపెట్టుకుని ఉంటుంది? తప్పు ఒప్పుకున్నంత మాత్రాన మనిషి చిన్నదైపోదు. వాళ్ళూ మనుషులే కదా. అవసరమైతే అమ్మను కొన్నాళ్ళు నా దగ్గరికి పంపు. మా ఇంట్లో మెట్లు ఎక్కువ, అయినా ఎలాగో సర్దుకుందాం.

భూతద్దాన్ని తిట్టుకోకు. అది చూసిందే రాసింది. రాయమన్నది నేను.

నీ
పంతులమ్మ


కవిగారి ఇల్లు
అక్టోబరు 3

లెక్చరర్ గారికి,

విచారణ అయింది. మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు, ఇవతల నేను. నా వెనక కుర్చీలో అత్తయ్య, ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక తీసుకెళ్ళాను. "ఈ రాత మీదేనా?" అన్నారు. మీరు చెప్పిన సలహా పాటించలేదు. కాదన్నాను. మీరు ఉత్తరాలు దాచి ఉంటారన్న ధైర్యంతో గట్టిగానే అన్నాను.

మధ్యలో కూర్చున్నాయన ఫైలు తెరిచి, కవిగారి ఆఖరి కాగితం పక్కన ఇంకో కాగితం పెట్టాడు. నా వాన ఉత్తరం.

ఎక్కడో దొరికింది కాదు. మీ ఎర్రసిరా ఉంది దానిమీద. మంచి వాక్యాల కింద గీతలు గీశారు. ఖాళీ మంచం దగ్గర రెండు గీతలు గీసి, పక్కన "శైలి గమనించండి" అని రాశారు. పైన క్లిప్పు, క్లిప్పుకు మీ కాలేజీ ముద్ర, ముద్ర కింద మీ సంతకం, తేదీ సెప్టెంబరు పధ్నాలుగు. అమ్మ మీద ఒట్టు పెట్టుకుని నాకు రాసింది పదిహేడున.

ఒట్టు తప్పలేదు మీరు. నోరు విప్పలేదు, సంచీ విప్పారు. ఇంత చదువు చదివినందుకు ఆ మాత్రం తెలివి రాకపోతే ఎలా?

"ఇప్పుడేమంటారు?" అన్నాడాయన. నాదేనన్నాను. చెదల సంగతి, ఆసుపత్రి సంగతి చెప్పబోతే "అవన్నీ రాతపూర్వకంగా ఇవ్వండి" అని తెల్లకాగితం ముందుకు తోశారు. "ఈ రాత నాది" అని మూడుసార్లు రాయించుకున్నారు, పోల్చుకోవడానికి. మూడుసార్లూ నా అక్షరాలు బాగానే వచ్చాయి. ఏడుపు రాతలోకి రానివ్వలేదు.

అత్తయ్యకు ఏమీ వినబడలేదు గానీ ఉత్తరం మీద ఎర్రసిరా కనబడింది. ఆవిడకు మీ ఎర్రసిరా తెలుసు, చిన్నప్పుడు మీ నోటుపుస్తకాల మీద మీరే దిద్దుకునేవారటగా. "ఇది నా కూతురి గీత కదూ?" అని హాలు మొత్తం వినబడేలా అడిగింది. ఔనని నేనే చెప్పాను.

ఉద్యోగం తీసేశారు. నెలాఖరుకి గదులు ఖాళీ చెయ్యాలి.

గుహలో పేరు లేని చేతులకు దండం పెట్టించారటగా పిల్లల చేత. బాగుంది. నా చేతికి మీరు పేరూ పెట్టారు, సంతకమూ పెట్టారు.

ఇట్లు,
మాజీ కాపలా మనిషి


కాలేజీ
అక్టోబరు 10

వదినా,

మీరు అని రాశావు. ఆ ఒక్క మాట దగ్గరే గంటసేపు ఆగిపోయాను. తక్కినది తర్వాత చదివాను.

ఉత్తరం నేనే ఇచ్చాను. ఎందుకిచ్చానో రాస్తాను, నువ్వు నమ్మకపోయినా సరే. స్మారక గృహాన్ని అవమానించి అబద్ధం రాసిందని ఆ పిల్లను కాలేజీ నుంచి తీసేస్తామన్నారు. అది రాసింది నిజం. రాయమన్నది నేను, మార్కులు వేసింది నేను. అది నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఇది ఒక కారణం.

రెండో కారణం కూడా ఉంది. వచ్చే నెల మా కాలేజీలో శాఖాధిపతి పదవి ఖాళీ అవుతోంది. నీతో కుమ్మక్కయ్యానన్న మాట వస్తే అది నాకు రాదని ప్రిన్సిపాలు మెల్లగా నా చెవిన వేశాడు. రెండు కారణాలూ నిజమే. ఏది ముందు తోచిందో నన్ను అడగకు.

ఒట్టు సంగతి అంటావా, నోరు మాత్రం విప్పలేదు కదా, అలా రాస్తే నీకు అబద్ధం చెప్పినట్టు కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఇంకొకటి చెప్పాలి. ఆరేళ్ళుగా చెప్పలేదు. ఆ నలభై రోజుల్లో నాకు సెలవు దొరికింది. కాగితం మీద సంతకం కూడా అయింది. నేను రాలేదు. అన్నయ్యను ఆ మంచం మీద చూడలేననిపించింది. పేపర్ల కట్టలు ముందేసుకుని వాటి వెనక దాక్కున్నాను. నీ కార్డులు రెండూ చదివి, సెలవు దొరకలేదని రాశాను. ఏటా క్లాసును నీ ఇంటికి తీసుకురాకపోవడానికి కారణం కూడా అదే. ఆ గదుల్లోకి రావడానికి నాకు మొహం చెల్లలేదు.

పెట్టె ముందు నిలబడ్డప్పుడు మొదట నాకు కోపం రాలేదు, అబద్ధమని తోచలేదు. ఇది మా వదిన రాత, ఎంత బాగుందో అనుకున్నాను. రెండో నిమిషంలో గానీ భయం రాలేదు. అప్పుడే నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఉండాల్సింది. అమ్మ పుస్తకం ముందు పెట్టింది, చక్కగా నిర్వహిస్తున్నారని రాసి బస్సెక్కాను.

వదినా, అమ్మను తీసుకుని నా దగ్గరికి వచ్చెయ్యి. ఇద్దరూ రండి. లేదా తిట్టు, ఎంతైనా తిట్టు. కానీ నీ చేత్తో ఒక్క ముక్క రాయి.

నీ
పంతులమ్మ


కుట్టుమిషను కొట్టు, మేడమీద గది
నవంబరు 12

కాలేజీ మేడమ్‌గారికి,

నేను కుట్టుమిషను ఆవిడను. మీ వదినగారు చెబుతుంటే రాస్తున్నాను. జాకెట్ల కొలతలు తప్ప ఇంకేమీ రాయని చెయ్యి నాది, తప్పులుంటే క్షమించండి. మీరే రాసుకోండమ్మా అంటే వినలేదు. ఇక కింద ఉన్నవన్నీ ఆవిడ మాటలే, నావి కావు.

మీ ఉత్తరం అందింది. సెలవు సంగతి చదివాను. తెలియకపోయినా బాగుండేది. ఆ నలభై రోజులూ మీకు కుదరలేదనుకుని సరిపెట్టుకునేదాన్ని, ఇప్పుడు అది కూడా పోయింది.

గదులు ఖాళీ చేసి కుట్టుమిషనావిడ కొట్టు మీది గదిలో దిగాం. గుండీలు కుడుతున్నాను, అంచులు కుడుతున్నాను. మెట్లు ఇక్కడా ఎక్కువే. అత్తయ్య రోజుకోసారి దిగుతుంది, ఎక్కేటప్పుడు నేను వెనక నిలబడతాను. మీ దగ్గరికి వెళ్తావా అని ఆవిడను మూడుసార్లు అడిగాను, గట్టిగానే. వినబడనట్టు కిటికీ వైపు తిరిగింది. వినబడిందని నాకు తెలుసు.

కవిగారి ఇల్లు మూయలేదు. గొడవ పేపర్లో వచ్చాక జనం బస్సుల్లో వస్తున్నారు. గడప అరిగేట్టు వస్తున్నారని కొత్త కాపలా మనిషి చెప్పాడు. పెట్టెలో పెట్టడానికి ఇంకేమీ లేక నా పదకొండు కాగితాలే మళ్ళీ పెట్టారు, "నకలు" అని చీటీ అంటించి. వెళ్ళి చూసొచ్చాను. టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. చూశాక పుస్తకంలో రాయమన్నారు. రాయలేదు.

మీ భూతద్దం వచ్చింది. చాలాదూరం నుంచి ఒక్కతే బస్సులు మారి వచ్చింది. ఏడ్చింది. నువ్వు చూసింది నువ్వు రాశావు, అందులో నీ తప్పేం లేదు పో అన్నాను. పోలేదు, సాయంత్రం దాకా కూర్చుని గుండీలు కుట్టింది. చెయ్యి చూస్తానంది, చూపించాను. ఆ పిల్ల వచ్చింది. మీరు రాలేదు.

(ఇక్కడ ఆవిడ కిందపడ్డ గుండీలు ఏరుకున్నారు. నేను దారం చుట్టుకున్నాను.)

శాఖాధిపతి అయ్యారట, ఆ పిల్లే చెప్పింది. మంచిది. అత్తయ్యకు చెప్పలేదు.

ఇక ఒక్కటే అడుగుతున్నాను. మీ దగ్గరున్న నా ఉత్తరాలన్నీ కట్టగట్టి పంపండి. చింపకండి, చదవకండి. వాన ఉత్తరం ఆఫీసు ఫైల్లోనే ఉంటుందట, దాన్ని వదిలేశాను. తక్కినవి మీవి కావు, మీకు రాసినవి మాత్రమే.

నా చేత్తో ఒక ముక్క రాయమన్నారు. నా చెయ్యి రాయాల్సిందేదో ఆ బల్ల మీదే రాసేసింది, "ఈ రాత నాది" అని. దాని తర్వాత రాయడానికి నాకు ఏమీ లేదు.

ఇంతే చెప్పారు మేడమ్. చెప్పింది చెప్పినట్టు రాశాను. చివర సంతకమైనా పెట్టండమ్మా, అంత అందమైన చెయ్యి కదా, ఈ వంకర రాత కింద మీ పేరైనా బాగుంటుంది అని కలం అందించాను. ఆవిడ తీసుకోలేదు. కొట్టులో రసీదుల మీద ముద్ర వేసే సిరాడబ్బీ తెమ్మన్నారు. కింద ఉన్నది ఆవిడ ఎడమచేతి బొటనవేలి ముద్ర.